కేన్సరు ఇంటికి ఎసెన్షియల్ ఆయిల్ సీసా వచ్చినప్పుడు

శ్రీకాకుళంలో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. కేన్సరు మందుల చీటీతో వచ్చినవాళ్లలో చాలామంది మందులు తీసుకున్నాక వెంటనే వెళ్లరు. కౌంటరు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తారు. "ఏటమ్మా, ఈ నూనె రెండు సుక్కలు నాలిక కింద ఏసుకుంటే గడ్డ కరిగిపోద్దంట, నిజమేనేటి?" నిమ్మగడ్డి నూనె, లవంగ నూనె, పరంగి సాంబ్రాణి తైలం, లావెండర్... పేరు మారుతుంది గానీ ప్రశ్న అదే.

"కాదు" అని ఒక్క మాటతో పంపేయొచ్చు. పంపేస్తే వాళ్లు ఇంకోచోట కొనుక్కుని, ఈసారి ఎవరికీ చెప్పకుండా తాగుతారు. అందుకని కౌంటరు దగ్గర సమయం లేక సగం సగం చెప్పేవన్నీ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ముందే తేల్చి చెప్పేస్తాను: మనిషికి వచ్చిన కేన్సరుని ఏ ఎసెన్షియల్ ఆయిలూ నయం చేసినట్టు ఇప్పటిదాకా రుజువు కాలేదు. వికారం, టెన్షన్, నిద్ర పట్టకపోవడం లాంటివాటికి వాసన చూస్తే కొందరికి కాస్త ఊరట దొరుకుతుంది. ఈ రెండూ నిజాలే. రెండోది చూపించి కేన్సరు నయమవుతుందని నూనె అమ్మేవాళ్లతోనే జాగ్రత్తగా ఉండాలి.

సీసాలో ఉన్నదేంటి

నిమ్మగడ్డి నూనె తీసే యూనిట్ ఒకటి సాలూరు వైపు చూశాను. పెద్ద ఇనప డ్రమ్ములో కోసిన గడ్డిని కాళ్లతో తొక్కి కూరతారు. కింద మంట పెడితే ఆవిరి గడ్డిలోంచి పైకొచ్చి, గొట్టంలో పడి, చల్లనీళ్ల తొట్టిలోంచి వెళ్లేటప్పుడు మళ్లీ నీరవుతుంది. చివర్న పెట్టిన డబ్బాలో నీళ్ల మీద పసుప్పచ్చని నూనె తెట్టులా తేలుతుంది. వంద కిలోల గడ్డికి అర కిలో నూనె వస్తే గొప్ప. వాసన బట్టలకి పట్టిందంటే ఉతికినా వదలదు.

అది చూశాక రెండు సంగతులు సులువుగా అర్థమవుతాయి. ఒకటి, ఇది వంటనూనె లాంటిది కాదు, చాలా గాఢమైనది. టీలో నిమ్మగడ్డి వేసుకుని తాగడానికీ ఈ నూనె చెంచాతో తాగడానికీ పోలికే లేదు. రెండు, ఆవిరితో పాటు పైకి లేవగలిగిన తేలికపాటి పదార్థాలే సీసాలోకి వస్తాయి. బరువైనవి డ్రమ్ములోనే మిగిలిపోతాయి.

ఈ రెండో సంగతి పరంగి సాంబ్రాణి తైలం దగ్గర బాగా పనికొస్తుంది. సాంబ్రాణి బంకలో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉన్నాయని, అవి ప్రయోగశాలలో కేన్సరు కణాల మీద పనిచేశాయని వీడియోలో చెబుతారు. ఆమ్లాలు బంకలో ఉన్న మాట నిజమే. కానీ అవి బరువైనవి, ఆవిరితో లేవవు. ఆవిరి పట్టి తీసిన తైలంలో అవి దాదాపు ఉండవు. బంక మీద చేసిన పరిశోధన చూపించి తైలం సీసా అమ్ముతున్నారన్నమాట. నల్లజీలకర్ర నూనె సంగతి వేరు. బజార్లో దొరికేది ఎక్కువగా గానుగలోనో మిషన్లోనో గింజల్ని పిండిన నూనె, అది ఎసెన్షియల్ ఆయిలే కాదు.

అందుకని సీసా చేతికి రాగానే లేబుల్ చదవండి. మొక్క శాస్త్రీయ నామం, ఏ భాగం నుంచి తీశారు, ఎలా తీశారు అన్నవి ఉండాలి. ఉత్త "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని ఉంటే అది అగరుబత్తీల్లో కలిపే సెంటు, రోగి ఉన్న గదిలోకి కూడా వద్దు. "కేన్సరుని తగ్గిస్తుంది" అని రాసి ఉంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి. కేన్సరుని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని మన దేశంలో 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది.

వార్త ఏ మెట్టు మీద ఉంది

"సైంటిస్టులు నిరూపించారు" అనే మాట వినగానే నేను అడిగేది ఒకటే: ఎక్కడ నిరూపించారు? గాజు పళ్లెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? మందు ఏదైనా ఈ మెట్లన్నీ ఎక్కి రావాల్సిందే. ఎసెన్షియల్ ఆయిల్స్ మీద వచ్చిన పరిశోధనల్లో చాలా భాగం మొదటి మెట్టు మీదే ఉన్నాయి.

మొదటి మెట్టుని గుర్తుపట్టడం కష్టం కాదు. వ్యాసంలో ఇన్ విట్రో, సెల్ లైన్, ఐసీ50 అనే మాటలు కనిపిస్తే అది పళ్లెంలో చేసిన పని. హెలా అని ఉంటే 1951లో ఒక అమెరికన్ మహిళ గర్భాశయ ముఖద్వారం గడ్డ నుంచి తీసి అప్పట్నుంచి ల్యాబుల్లో పెంచుతున్న కణాలు. ఎంసీఎఫ్-7 అని ఉంటే రొమ్ము కేన్సరు కణాలు. ఈ కణాల మీద నూనె పోస్తే చచ్చాయి అంటారు. బ్లీచింగ్ పౌడరు నీళ్లు పోసినా చస్తాయి, ఉప్పు ఎక్కువేసినా చస్తాయి. మంచి కణాల్ని వదిలి చెడ్డవాటినే చంపుతుందా, మనం తట్టుకునే మోతాదులో అక్కడిదాకా చేరుతుందా అన్నదే అసలు ప్రశ్న. పళ్లెం దానికి జవాబు చెప్పలేదు.

ఒక లెక్క వేసి చూపిస్తాను. పళ్లెంలో మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాముల నూనెకి కణాలు చచ్చాయనుకుందాం. మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆ గాఢత ఒక్క రక్తంలో రావాలన్నా 250 మిల్లీగ్రాములు అందులోనే నిలిచి ఉండాలి. నిలవదు. కొంత కొవ్వులోకి పోతుంది, కొంత ఊపిరితో బయటికి పోతుంది. నోటితో తాగినదైతే పేగు నుంచి ముందు కాలేయానికే వెళుతుంది, అక్కడ చాలా భాగం వేరే పదార్థాలుగా మారిపోతుంది. గడ్డ దాకా చేరేది ఎంతో ఈ లెక్కలో ఎక్కడా లేదు.

ఎలుకల దగ్గరా ఇలాంటి లెక్కే ఉంది. చిట్టెలుకకి కిలో బరువుకి 200 మిల్లీగ్రాములు ఇచ్చారని రాస్తే, దాన్ని మనిషికి మార్చడానికి సుమారు 12తో భాగిస్తారు. అంటే కిలోకి 16 మిల్లీగ్రాముల పైచిలుకు. 50 కిలోల మనిషికి రోజుకి 800 మిల్లీగ్రాములు, ఇరవై చుక్కలకి దగ్గర. "రెండు చుక్కలు నాలుక కింద" అనేవాళ్ల మాట వాళ్లు చూపించే పరిశోధనకే సరిపోదు. అలాగని ఇరవై చుక్కలు తాగితే పనిచేస్తుందని కాదు, ఎలుకలో పనిచేసినవాటిలో మనుషుల్లో నిలిచినవి బహు తక్కువ. తాగితే ఏమవుతుందో కిందకి వచ్చాక చెబుతాను.

మనుషుల దాకా వచ్చినవి లేవా అంటే ఉన్నాయి, అవీ చెప్పాలి. కమలా, నిమ్మ తొక్కల నూనెలో ఎక్కువగా ఉండే లిమొనీన్‌ని బ్రిటన్‌లో ముదిరిన కేన్సరు ఉన్న 32 మందికి ఇచ్చి చూశారు, 1998లో ఫలితాలు వచ్చాయి. రొమ్ము కేన్సరు ఉన్న ఒకామెకి గడ్డ కొంత తగ్గి 11 నెలలు అలాగే ఉంది. పెద్దపేగు కేన్సరు ఉన్న కొందరికి జబ్బు కొన్నాళ్లు పెరగకుండా ఆగింది. ఆశ పుట్టి, రొమ్ము కేన్సరు ఉన్న మరో పదిమందికి అదే పెద్ద మోతాదు ఇచ్చారు. ఒక్కరికీ గడ్డ తగ్గలేదు. ఆ మోతాదు సగటు మనిషికి రోజుకి పది గ్రాములు దాటుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుని అంతకు మించి పెంచలేకపోయారు.

ఇంకొకటి పెరిలిల్ ఆల్కహాల్. లావెండర్, నిమ్మగడ్డి లాంటి వాటిలో కొద్దిగా ఉంటుంది. అమెరికాలో మాత్రలుగా ఇచ్చి చూస్తే కడుపు తట్టుకోలేదు, ఫలితమూ చెప్పుకోదగ్గట్టు లేదు. బ్రెజిల్‌లో మాత్రం తిరగబెట్టిన మెదడు గడ్డలకి ముక్కుతో పీల్చే పద్ధతిలో వాడి చూశారు. బాగా శుద్ధి చేసిన రూపంలో దానిమీద ట్రయల్స్ ముందుకు సాగాయి. నాకు ఆసక్తిగా అనిపించే దారి ఇదే. కానీ అది కొలిచి, డాక్టర్ల కళ్ల ముందు ఇచ్చే ఒకే ఒక పదార్థం. మీ ఇంట్లో లావెండర్ సీసా మూత తీసి పీల్చడం ఆ చికిత్స కాదు.

నేను మొక్కలకి వ్యతిరేకిని కాను. మన పెరళ్లలో, గుడి గోడల పక్కన పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే కేన్సరు మందులు వచ్చాయి. విన్‌క్రిస్టిన్‌కి అమెరికాలో 1963లో అనుమతి వచ్చింది. ఇప్పటికీ పిల్లల బ్లడ్ కేన్సరుకి అది లేనిదే చికిత్స సాగదు. పాక్లిటాక్సెల్ అనే ఇంకో కేన్సరు మందు ఒక చెట్టు బెరడు నుంచి వచ్చింది, 1992లో అనుమతి పొందింది. వందల కిలోల ఎండుటాకు నుంచి ఒక్క గ్రాము విన్‌క్రిస్టిన్ వస్తుంది. రోగి ఒంటి కొలతని బట్టి, ఒకటి రెండు మిల్లీగ్రాములు, నరంలోకి మాత్రమే ఇస్తారు. అందుకే బిళ్ళగన్నేరు ఆకు నమిలేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. షుగరుకని కొందరు నమలడం మన దగ్గర ఉంది. అది విషపు మొక్క, నమలొద్దు.

నోట్లో పుండు, లవంగ నూనె

మన శ్రీకాకుళం వైపు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదేనేమో. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, మన పల్లెల్లో ఆడవాళ్లలో ఎక్కువగా ఉన్న అలవాటు. 1970ల నాటికే పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో దీన్ని అధ్యయనం చేశారు. వేడీ పొగా నేరుగా అంగిట్లో తగులుతాయి. అంగిలి తెల్లబారి, ఎర్ర చుక్కలు లేచి, కొందరిలో పుండు పడి కేన్సరుగా మారుతుంది. మామూలుగా పొగ తాగేవాళ్లలో అంగిట్లో కేన్సరు అరుదు, మన దగ్గర అది ఎక్కువగా కనిపించేది ఈ అలవాటు వల్లే.

ఆమదాలవలస వైపు పల్లె నుంచి ఒక మామ్మ లవంగ నూనె సీసా కోసం వచ్చేది. పన్ను నొప్పి అనుకునేదాన్ని. ఒకసారి సీసా అయిపోయిన కొద్దిరోజులకే మళ్లీ వస్తే, "మామ్మా, ఓసారి నోరు తెరు" అన్నాను. ఫోన్ లైటు వేసి చూస్తే పైన, అంగిలి నడుమ, రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ తెల్లగా గట్టిపడిన అంచు. "మంట తగ్గుతాది పిల్లా, అదే సాలు" అంది. ఆమె మనవడిని పిలిపించి ఆసుపత్రికి పంపాను. ముక్క తీసి పరీక్ష చేశారు, తర్వాత ఆపరేషను అయింది.

లవంగ నూనెలోని యూజినాల్ తిమ్మిరి ఎక్కిస్తుంది. నొప్పి తెలియదు, పుండు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పైగా నేరుగా రాస్తే మెత్తని చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి నోట్లో పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ రెండు వారాల్లో మానకపోతే ఏ నూనే రాయకుండా ప్రభుత్వాసుపత్రిలో పళ్ల డాక్టరుకో ఈఎన్‌టీ డాక్టరుకో చూపించండి. ఇంట్లో అడ్డపొగ అలవాటున్న పెద్దవాళ్లుంటే నొప్పి లేకపోయినా అప్పుడప్పుడు మీరే లైటు వేసి అంగిలి చూడండి.

నోటికి రేడియేషన్ జరుగుతున్నవాళ్లకి లవంగ నూనె, పుదీనా నూనె, ఘాటు మౌత్‌వాష్ ఏవీ వద్దు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకి చాలాసార్లు పుక్కిలించడం మంచిది. అది మింగకూడదు.

ఊరట కోసం వాడాలంటే

ముందు చికిత్స చేసే డాక్టరుకి చెప్పండి. ఆ తర్వాత వాడే పద్ధతి ఇది. దూది ఉండ మీద ఒక్క చుక్క వేసి, మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టుకోండి. వికారంగా ఉన్నప్పుడు మూత తీసి, ముక్కుకి జానెడు దూరంలో పట్టుకుని రెండు మూడుసార్లు మెల్లగా ఊపిరి పీల్చి మళ్లీ మూసేయండి. నచ్చకపోతే వెంటనే డబ్బా బయట పెట్టేయొచ్చు, గదంతా నింపిన వాసనని అలా తీసేయలేం. కీమో తీసుకునేవాళ్లకి వాసనలు పడవు. నిన్న నచ్చింది ఇవాళ కడుపులో తిప్పొచ్చు. అందుకే గదంతా వాసన చిమ్మే డిఫ్యూజరు కంటే దూది ఉండ మేలు. నిజానికి అప్పుడే కోసిన నిమ్మకాయ ముక్క వాసన కూడా చాలామందికి సరిపోతుంది, దానికి డబ్బు ఖర్చు లేదు. ఇష్టమైన వాసనని కీమో ఎక్కించే గంటల్లో మాత్రం వాడకండి. మనసు ఆ వాసనని వాంతులతో ముడిపెట్టేసుకుంటే తర్వాత ఎప్పుడు తగిలినా వికారమే. వాంతుల మాత్ర మాత్రం రాసిన వేళకి వేసుకోవాల్సిందే, వాసన దానికి తోడే గానీ బదులు కాదు.

ఒళ్లు పట్టడానికైతే 5 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో ఒక్క చుక్క. అంతకు మించొద్దు. ముందు రోజు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి ఒక రోజు ఆగి చూడండి. కాళ్లకి, చేతులకి, వీపుకి మెత్తగా రాయండి. గడ్డ ఉన్నచోట, వాచిన చేతికి, సూది పెట్టిన నరం మీద, కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చిన పోర్టు చుట్టూ, పగిలిన అరచేతులకి, అరికాళ్లకి రాయొద్దు. రక్తకణాలు పడిపోయాయని డాక్టరు చెప్పిన రోజుల్లో అసలే వద్దు. రేడియేషన్ పెట్టే చోట ఏ నూనే తగలకూడదు. అక్కడ సిరాతో గీసిన గుర్తులుంటాయి, నూనె తగిలితే చెరిగిపోతాయి, కిరణం ఎక్కడ పడాలో ఆ గుర్తులే చెప్పాలి. నిమ్మజాతి తొక్కల నూనెలు రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలిపోవచ్చు. రొమ్ము కేన్సరుకి హార్మోను మాత్రలు వాడుతున్నవాళ్లు లావెండర్, టీ ట్రీ నూనెల్ని ఒంటికి రోజూ రాసుకోకుండా ఉండటమే మేలని నా అభిప్రాయం, వాటికి కొద్దిపాటి ఈస్ట్రోజెన్ గుణం ఉందని పళ్లెంలో కనిపించింది.

ఎంత ఊరట ఆశించొచ్చు? బ్రిటన్‌లో 288 మంది కేన్సరు రోగుల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సుగంధ తైలాలతో ఒళ్లు పట్టించుకున్నవాళ్లకి ఆరు వారాల దగ్గర ఆందోళన తగ్గింది. పది వారాల దగ్గర చూస్తే ఆ తేడా నిలవలేదు. ఉన్నన్నాళ్లు ఉన్నది మంచిదే. చెల్లెలో కోడలో పక్కన కూర్చుని కాళ్లు పట్టే పావుగంటకి కూడా అందులో వాటా ఉంటుందని నేననుకుంటాను.

తాగడం మాత్రం వద్దు

యూకలిప్టస్ నూనె, కర్పూరం నూనె కొద్దిగా మింగినా పిల్లలకి ఫిట్స్ రావచ్చు. వింటర్‌గ్రీన్ నూనె ఒక చెంచా మింగితే సుమారు ఇరవై ఆస్పిరిన్ మాత్రలు ఒకేసారి మింగినట్టు. లవంగ నూనె ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, కీమో మందుల్లో చాలావాటిని విరిచి బయటికి పంపాల్సింది ఆ కాలేయమే. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకో మాట: ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో మీకు తెలుసు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉన్న మనిషి వింటర్‌గ్రీన్ కలిసిన నొప్పి నూనెల్ని ఒళ్లంతా పూసుకోవడం కూడా మంచిది కాదు. రక్తం పల్చబడే మందు వాడేవాళ్లకీ అంతే.

ఎవరైనా తాగేశారని తెలిస్తే వాంతి చేయించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. 108కి ఫోన్ చేసి, సీసా కూడా వెంట తీసుకెళ్లండి.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఆలస్యం. అమెరికాలో చికిత్స మానేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చి 2018లో ప్రచురించారు. మానేసినవాళ్లలో చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు. మన దగ్గర చాలామంది ఆగేది ఖర్చుకి భయపడి. అలాంటప్పుడు నూనె సీసాల మీద డబ్బు పెట్టే ముందు ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరుతో ఎన్టీఆర్ వైద్య సేవ, కింద ఏది వస్తుందో 104కి ఫోన్ చేసి అడగండి. విశాఖ దాటి గాజువాక అవతల అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి ఉంది. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, అందులోనే ఒక కాగితం మీద ఇంట్లో వాడుతున్న నూనెలు, కషాయాలు, పసరు మందులు ఏవీ దాచకుండా రాసి డాక్టరు ముందు పెట్టండి.

ఇక వీడియో పంపిన చుట్టం సంగతి. కోప్పడితే ఇంకో నాలుగు వీడియోలు పంపుతారు. మా షాపుకొచ్చే ఒకమ్మాయికి వాళ్ల మావయ్యకి పంపమని నేనే ఇలా రాసిచ్చాను, మీరూ వాడుకోవచ్చు: "మావయ్యా, వీడియో చూశాను. మా కోసమే వెతికి పంపారని తెలుసు. నూనె గురించి డాక్టరుగారిని అడుగుతాం, ఆయన సరే అంటేనే వాడతాం. అమ్మకి రేపు మంగళవారం కీమో ఉంది. ఆ రాత్రికి ఆసుపత్రిలో తోడుండటానికి మనిషి కావాలి. మీరు రాగలరా?"